మూడో తరగతికి వచ్చినా తెలుగు చదవలేకపోతున్నారా? ఇంట్లో, బడిలో ఇలా మొదలుపెట్టండి

కొన్నేళ్ల కిందట రెండో తరగతి పాప ఒకతి నా టేబుల్ దగ్గరికి వచ్చి, పుస్తకం తెరిచి, అక్షరాల కింద వేలు పెట్టి పాఠమంతా గడగడా చదివేసింది. నేను వేలు వైపు చూశాను. వేలు మూడో లైనులో ఉంది, నోరు ఆరో లైనుకు వెళ్లిపోయింది. మధ్యలో ఒక పదం చూపించి "ఇదేంటమ్మా?" అన్నాను. పాప ఒక్క క్షణం ఆగి, పాఠం మళ్లీ మొదటి నుంచి అందుకుంది. అలా చెప్పుకుంటూ వస్తే ఎక్కడో ఒకచోట ఆ పదం తగులుతుందని ఆ పిల్ల ఉపాయం. ఆ పదం "గడప".

అంత చిన్న వయసులో అంత పెద్ద పాఠం వినికిడితోనే గుర్తుపెట్టుకున్న పిల్లకు తెలివి లేదనగలమా? చదవడం రాని సంగతి బయటపడకుండా ఆ జ్ఞాపకశక్తే రెండేళ్లు కాపాడుకుంటూ వచ్చింది. ఇంట్లో అమ్మానాన్నలకు "బాగానే చదువుతోంది" అనిపించింది. బడిలో మాకూ అలాగే అనిపించింది. పరీక్షలో ప్రశ్నలు, జవాబులు బట్టీయే కాబట్టి మార్కులు కూడా వచ్చాయి.

మీ ఇంట్లోనో, మీ తరగతిలోనో ఇలాంటి పిల్లలు ఉన్నారేమోనని అనుమానం ఉంటే ఈ కింది పద్ధతి పాటించి చూడండి. పెద్ద ఖర్చు లేదు. రోజుకు పదిహేను నిమిషాలు, ఒక పలక, కొన్ని పాత శుభలేఖలు చాలు.

ముందుగా: ఎక్కడ ఆగారో కనుక్కోండి

చాలామంది ఇక్కడే తప్పు చేస్తారు. చదవడం రావట్లేదు అనగానే మళ్లీ అ ఆ ల నుంచి మొదలుపెడతారు, లేదా ట్యూషన్‌కు పంపిస్తారు. ట్యూషన్‌లో ఆ రోజు హోంవర్క్ చేయించి పంపిస్తారు తప్ప పిల్ల ఏ మెట్టు మీద ఆగిపోయిందో ఎవరూ చూడరు. గుణింతాల దగ్గర ఆగిన పిల్లకు ఒత్తులు చెబితే ఎక్కవు. ఒత్తుల దగ్గర ఆగిన పిల్లాడితో అ ఆ లు దిద్దిస్తే విసుగు పుడుతుంది, అవమానం కూడా.

ప్రథమ్ అనే సంస్థ 2005 నుంచి ఊరూరా ఇళ్లకు వెళ్లి 'అసర్' అనే సర్వే చేస్తోంది. వాళ్లు పిల్లల్ని చూసే తీరు చాలా సులువు, ఎవరైనా చేయొచ్చు. ఒక కాగితం మీద నాలుగు రకాలు ఉంటాయి: అక్షరాలు, చిన్న పదాలు, నాలుగు వాక్యాల పేరా, ఒక చిన్న కథ. పేరాతో మొదలుపెడతారు. అది చదివితే కథ ఇస్తారు, చదవలేకపోతే పదాలకు దిగుతారు. అవీ రాకపోతే అక్షరాలు. అక్షరాలైనా పదాలైనా, ఐదింటిలో నాలుగు సరిగ్గా చెబితే ఆ మెట్టు వచ్చినట్టు లెక్క.

ఇలాంటి కాగితం మీరే రాసుకోవచ్చు. రెండు జాగ్రత్తలు మాత్రం తీసుకోండి. పాఠ్యపుస్తకంలోని వాక్యాలు వద్దు, అవి నోటికి వచ్చి ఉంటాయి. మీ ఇంటి సంగతులే రాయండి: "మా ఇంటి ముందు వేప చెట్టు ఉంది. దాని కింద మేక పడుకుంది." రెండోది, అక్షరాలు అడిగేటప్పుడు వరసగా అడగొద్దు. క తర్వాత ఖ అని పాట పాడటం వేరు, మధ్యలో "ధ" చూపిస్తే గుర్తుపట్టడం వేరు.

ఎవరూ లేనప్పుడు, పక్కన కూర్చోబెట్టుకుని అడగండి. చెప్పలేకపోతే ముఖం మార్చకండి. కాగితం మీద తేదీ వేసి దాచండి. నెల తర్వాత మళ్లీ కావాలి.

అక్షరాల దగ్గర ఆగితే

మొత్తం అక్షరమాల నేర్పాకే పదాలు అనే పట్టుదల వదిలేయండి. ఌ, ౡ, ఙ, ఞ ల దగ్గర రోజులు పోగొట్టుకోవద్దు. పిల్ల మాట్లాడే మాటల్లో ఎక్కువగా వచ్చే అక్షరాలు ముందు: అ, ఆ, ఇ, ఈ, ఉ, ఊ, క, గ, ట, డ, త, ద, న, ప, మ, ర, ల, వ, స. ఓ ఐదారు అక్షరాలు రాగానే పదం కట్టించండి. తల, వల, పలక, గడప, పడవ, ఆట, ఈత, ఉడత. గుణింతాల అవసరమే లేని మాటలివి. తన చేత్తో మూడు అక్షరాలు పక్కపక్కన పెట్టి "ప-డ-వ... పడవ!" అని పిల్ల తనంతట తాను అనే క్షణం కోసం మనం ఇదంతా చేస్తున్నాం. చదవడమంటే ఏంటో అప్పుడే తెలుస్తుంది.

సున్నను కూడా ఇక్కడే చెప్పేయండి. గుణింతం పాటలో కం చివర వస్తుంది కాబట్టి దాన్ని చివరి దాకా ఆపుతారు. ఆపాల్సిన పనే లేదు. ఒక్క సున్న వచ్చిందంటే గంట, మంట, వంట, పంట, జంట, మంచం, కంచం, ఎండ, దండ అన్నీ వచ్చేస్తాయి.

శుభలేఖల వెనుక తెల్లగా ఉంటుంది కదా, దాన్ని అగ్గిపెట్టె అంత ముక్కలు కోసి, ముక్కకో అక్షరం స్కెచ్ పెన్‌తో పెద్దగా రాయండి. నేల మీద పరిచి పదాలు కట్టించండి. "తల"లో త తీసి వ పెడితే ఏమవుతుంది? వ తీసి క పెడితే? ఇది ఆటలా సాగుతుంది. పిల్ల తప్పు పదం కట్టినా చదివించండి. "లప" అని చదివి తనే నవ్వితే, చదివినట్టే లెక్క.

మన లిపిలో కొన్ని అక్షరాలు ఒకదానికొకటి మరీ దగ్గరగా ఉంటాయి. ప, వ, ష. న, స. ద, డ, ధ, థ. బ, భ. మ, య. వీటిని ఒకే రోజు పక్కపక్కన నేర్పకండి. ఒకటి గట్టిపడ్డాక రెండోది తెచ్చి, అప్పుడు రెండూ పక్కన పెట్టి "తేడా నువ్వే చెప్పు" అనండి. మ, వు లను మాత్రం తప్పకుండా ఇలా చూపించాలి. రెండింట్లోనూ వ లాంటి ఆకారం, పక్కన కొమ్ము కనిపిస్తాయి. వు లో కొమ్ము ఎక్కడ మొదలవుతోంది, మ లో ఎక్కడ ఉందో వేలితో దిద్దించండి. "ఆవు"ను "ఆమ" అని చదివే పిల్లలు చాలామంది ఉన్నారు. వాళ్లు కళ్లకు కనిపించిందే చదివారు, మనమే తేడా చూపించలేదు.

గుణింతాల దగ్గర ఆగితే

నా అనుభవంలో ఎక్కువమంది ఆగేది ఇక్కడే, అందుకే కాస్త వివరంగా చెబుతాను.

క కా కి కీ కు కూ... ఈ పాట మన పిల్లలందరికీ వచ్చు. రాగం తీస్తూ పాడతారు. పలక మీద "కు" ఒక్కటే రాసి చూపిస్తే మాత్రం, లోపల్లోపల క కా కి కీ అనుకుంటూ వచ్చి "కు" అంటారు. పదంలో మూడు అక్షరాలుంటే మూడుసార్లు ఆ పాట పాడుకోవాలి. మూడో అక్షరం చేరేసరికి మొదటిది మరిచిపోతారు. ఇక వాక్యం ఎలా చదువుతారు?

అందుకని గుణింతాన్ని అడ్డంగా కాకుండా నిలువుగా నేర్పండి. ఈ వారం దీర్ఘం ఒక్కటే. కా, గా, తా, దా, నా, పా, మా, రా, లా, వా. అక్షరం మారుతుంది, గుర్తు మారదు. ఆ గుర్తు ఎక్కడ కనిపించినా నోరు సాగుతుందని పిల్లకు తెలుస్తుంది. వెంటనే పదాలు: తాత, మామ, పాట, బావ, కాకర, దానం. తర్వాతి వారం గుడి. కిటికీ లాంటి మాటల్లో గుడి, గుడిదీర్ఘం రెండూ వస్తాయి కాబట్టి గుడిదీర్ఘం కూడా కలిపేయొచ్చు. ఆపై కొమ్ము, కొమ్ము దీర్ఘం, ఎత్వం, ఏత్వం, ఒత్వం, ఓత్వం. ఐత్వం, ఔత్వం, వట్రసుడి చివరికి.

ఒకటి స్పష్టంగా చెప్పండి: గుడి పెట్టాలంటే తలకట్టు తీసేయాలి. పెద్దవాళ్లకు ఇది చెప్పాల్సిన సంగతే అనిపించదు, పిల్లలకు మాత్రం పెద్ద చిక్కు. తలకట్టు తీసి గుడి పెట్టి చూపించండి, చేయించండి. ఖ, జ, ట, ణ, బ, ల లకు అసలు తలకట్టే ఉండదని కూడా చెప్పండి. మొ, మో, యొ, యో లు మిగతా వాటిలా ఉండవు. కొ, గొ, తొ లకు పైన ఒత్వం కనిపిస్తుంది, మొ లో ఎత్వమూ పక్కన కొమ్మూ కనిపిస్తాయి. "మొక్క", "మోట", "యోగం" లాంటి మాటల దగ్గర పిల్లలు తడబడటానికి కారణం అదే. వీటిని విడిగా ఒక రోజు పెట్టుకుని చెప్పండి.

పొట్టి, పొడుగు శబ్దాల తేడా చెవికి పట్టాలంటే జంట పదాలు బాగా పనిచేస్తాయి. నెల–నేల, మెడ–మేడ, వడ–వాడ, పడు–పాడు, ఒడి–ఓడి. మీరు ఒకటి పలకండి, పిల్ల రెండింట్లో సరైన కార్డు ఎత్తాలి. తర్వాత పిల్ల పలకాలి, మీరు ఎత్తాలి. మీరు కావాలనే ఒకసారి తప్పు కార్డు ఎత్తండి. పట్టుకుంటే ఎంత సంబరపడతారో చూడండి.

ఒత్తుల దగ్గర ఆగితే

ఇంటి మనుషులతో మొదలుపెట్టండి. అమ్మ, అక్క, అన్న, అత్త, అయ్య, అవ్వ, అమ్మమ్మ, చెల్లి. ఏ అక్షరానికి ఆ ఒత్తే వస్తుంది కాబట్టి పలకడం తేలిక. కష్టమంతా ఆకారంలో. గ, డ, ప ల ఒత్తులు అసలు అక్షరాన్నే గుర్తుచేస్తాయి. త, న, మ, య, ర, ల ఒత్తులకు మాత్రం అసలు అక్షరంతో పోలికే ఉండదు. ఈ ఆరింటినీ ఒక అట్టముక్క మీద రాసి, పక్కన అసలు అక్షరం రాసి, పిల్ల చదువుకునే చోట గోడకు అంటించండి. చూసి చదవనివ్వండి. కొన్నాళ్లకు చూడటం దానంతట అదే మానేస్తారు.

వేరే అక్షరం ఒత్తు వచ్చినప్పుడు అసలు చిక్కు మొదలవుతుంది. "కుస్తీ" అనే మాట రాసి చూడండి. గుడిదీర్ఘం పైన స మీద ఉంది. శబ్దం మాత్రం కింద ఉన్న త తర్వాత వస్తోంది. కంటికి స, ఈ, త అనే వరస కనిపిస్తుంది, నోటితో స్, త, ఈ అనాలి. అందుకే పిల్ల "కుసీత" అంటుంది. దీన్ని ఒకే ఒక్క మాటతో చెప్పండి: "పైనది సగం, కిందది పూర్తి. గుర్తు ఎక్కడున్నా ఆఖరున పలకాలి." చప్పట్లు కొడుతూ విడగొట్టించండి: కుస్–తీ. పుస్–త–కం. చంద్–రు–డు. బస్–తా.

ర ఒత్తు ఇంకో తిప్పలు పెడుతుంది. అది అక్షరానికి ఎడమ పక్క నుంచి వస్తుంది, కాబట్టి ఎడమ నుంచి కుడికి చదివే కంటికి ముందు అదే తగులుతుంది. "ప్రజలు", "చిత్రం", "క్రమం" లాంటి పదాలు ఓ పది రాసి, ర ఒత్తు ఒక్కదాన్నే వేరే రంగు పెన్సిల్‌తో దిద్దమనండి. రెండు మూడు రోజుల్లో కుదురుకుంటుంది.

పదాల నుంచి పేరాకు

ఇక్కడ పుస్తకం ఒక్కటే ఉంటే సరిపోదు. ఊళ్లో ఎక్కడ చూసినా అక్షరాలే. బస్టాండులో నిలబడ్డప్పుడు వచ్చే బస్సు బోర్డు చదివించండి. తుని, నకిరేకల్, కడప, సిద్దిపేట. కిరాణా కొట్టు పేరు, గోడ మీది క్యాలెండర్‌లో వారాల పేర్లు, పప్పు ప్యాకెట్ మీది తెలుగు, పేపర్లో పెద్ద హెడ్డింగులు. చెన్నైలోనో, బెంగళూరులోనో, అమెరికాలోనో ఉన్న మన పిల్లలకు ఈ బోర్డులు కనిపించవు. అక్కడ ఇంట్లోనే డబ్బాల మీద "కందిపప్పు", "ఆవాలు", "బెల్లం" అని రాసి అంటించండి. ఊళ్లోని అమ్మమ్మకు వీడియో కాల్‌లో రోజూ మూడు లైన్లు చదివి వినిపించమనండి. వినేవాళ్లు ఉంటే చదవాలనిపిస్తుంది.

రాత్రి అన్నం తిన్నాక పది నిమిషాలు కథ. మొదట మీరు చదవండి, పిల్ల వింటూ అక్షరాల వెంట చూస్తుంది. తర్వాత ఇద్దరూ కలిసి చదవండి. ఆఖరున పిల్ల ఒక్కతే. మంచి పుస్తకం, ప్రథమ్ బుక్స్, తూలిక, నేషనల్ బుక్ ట్రస్ట్ లాంటి వాళ్లు తక్కువ ధరకే తెలుగులో బొమ్మల కథలు వేస్తున్నారు. స్టోరీవీవర్ వెబ్‌సైట్‌లో మెట్ల వారీగా తెలుగు కథలు ఉచితంగా దొరుకుతాయి. ఫోన్‌లో చూపించే బదులు ఒకటి రెండు ప్రింట్ తీయిస్తే మేలు, ఫోన్‌లో వేరే వీడియోల మీదకు దృష్టి పోతుంది.

చదువుతుంటే మధ్యలో ఆపి ప్రతి తప్పూ దిద్దకండి. పదం దగ్గర ఆగితే మనసులో ఐదు అంకెలు లెక్కపెట్టి, అప్పటికీ రాకపోతే మీరే చెప్పేసి ముందుకు వెళ్లండి. అయిపోయాక "మేక ఎందుకు పరిగెత్తింది?" లాంటి ప్రశ్న ఒకటి అడగండి. జవాబు చెప్పగలిగితే అర్థమైనట్టే.

చేయకూడనివి

పాఠం ఐదుసార్లు రాయి అనకండి. చదవడం రాని పిల్ల ఐదుసార్లు రాస్తే అక్షరాలను బొమ్మల్లా చూసి దింపుతుంది. చేయి నొప్పి పుడుతుంది, చదువు మీద అసహ్యం పుడుతుంది, అంతే. రెండో తరగతి వరకు అసలు హోంవర్కే ఉండకూడదని కేంద్ర ప్రభుత్వం 2020లో తెచ్చిన స్కూల్ బ్యాగ్ విధానం చెబుతోంది. ఆ రాత పని తగ్గితే వచ్చే సమయాన్నే నేను చదివించడానికి అడుగుతున్నాను.

పక్కింటి పిల్లతో పోల్చకండి. బంధువులు వచ్చినప్పుడు "ఏదీ, చదివి వినిపించు" అనకండి. ఆ టెన్షన్‌లో వచ్చింది కూడా రాదు.

"ఇంగ్లీష్ మీడియం కదా, తెలుగు తర్వాత చూద్దాంలే" అనే మాట చాలామంది అంటారు. నాకు ఆ మాటతో పేచీ ఉంది. "పడవ" అని అక్షరాలు కూడగానే తెలుగు పిల్లకు పడవ కళ్ల ముందు కనిపిస్తుంది. ఇంగ్లీషులో అక్షరాలు కూడాక, ఆ మాటకు అర్థం కూడా వేరే నేర్చుకోవాలి. రెండు బరువులు ఒకేసారి ఎత్తించడం కన్నా, తెలిసిన భాషలో చదవడం పట్టుబడ్డాక రెండోది ఎత్తించడం తేలిక. రెండు రాష్ట్రాల్లోనూ ప్రభుత్వ పాఠ్యపుస్తకాలు ఒక పేజీ తెలుగు, ఎదురు పేజీ ఇంగ్లీషు ఉండేలా వచ్చాయి. మీ ఇంట్లో అలాంటి పుస్తకం ఉంటే ముందు తెలుగు పేజీ చదివించి, తర్వాత ఎదురు పేజీకి వెళ్లండి.

టీచర్లకు నాలుగు మాటలు

ముప్పై మందిలో అక్షరాల దగ్గర ఉన్నవాళ్లు, కథలు చదివేవాళ్లు ఒకే గదిలో ఉంటారు. సిలబస్ ముందుకు లాగుతుంటుంది. ఆ ఒత్తిడి నాకు తెలుసు. అయినా రోజుకు ఒక్క పీరియడ్ పిల్లల్ని తరగతి బట్టి కాకుండా మెట్టు బట్టి కూర్చోబెట్టి చూడండి. అక్షరాల వాళ్లు కార్డులతో మీ దగ్గర కింద కూర్చుంటారు. పదాల వాళ్లు బోర్డు మీదవి చదువుకుంటారు. కథల వాళ్లు ఇద్దరిద్దరుగా ఒకరికొకరు చదివి వినిపించుకుంటారు. మీరు ఆ రోజు ఒక్క గుంపు దగ్గరే పూర్తిగా ఉండండి. మర్నాడు ఇంకో గుంపు. అక్షరాల గుంపుకు మాత్రం రోజూ ఐదు నిమిషాలైనా ఇవ్వాలి.

గుంపుకు "వెనకబడ్డ పిల్లలు" అని పేరు పెట్టకండి. చిలకల గుంపు, పిచ్చుకల గుంపు అనండి. మెట్టు ఎక్కిన వెంటనే గుంపు మార్చండి, నెలాఖరు దాకా ఆపకండి. చదవలేని పిల్లను క్లాసు ముందు నిలబెట్టి చదివించొద్దు. విద్యాహక్కు చట్టం, 2009లోని 17వ సెక్షన్ కొట్టడంతో పాటు మానసికంగా వేధించడాన్నీ నిషేధించింది. నలుగురిలో నవ్వులపాలు చేయడం పసిమనసుకు దెబ్బ కన్నా తక్కువేమీ కాదు.

తల్లిదండ్రులు వచ్చినప్పుడు మార్కుల కార్డు పక్కన పెట్టి, మెట్టు చెప్పండి: "మీ బాబుకు దీర్ఘాలు, గుడి వచ్చాయి. కొమ్ము దగ్గర ఉన్నాడు. ఇంట్లో ఈ పది పదాలు చదివించండి." కూలికి వెళ్లొచ్చే తల్లి చదువుకోకపోయినా, పిల్లాడు చదువుతుంటే పక్కన కూర్చుని వినగలదు. ఆ మాట ఆమెకు చెప్పాల్సింది మనమే.

ఇంత చేసినా కదలిక లేకపోతే

మూడు నెలలు రోజూ చేశాక కూడా అక్షరాలు నిలవకపోతే మొదట కళ్లు, చెవులు చూపించండి. పుస్తకం ముక్కు దగ్గర పెట్టుకుంటున్నారా, బోర్డు చూడటానికి కళ్లు చిట్లిస్తున్నారా, పిలిస్తే రెండోసారికి గానీ పలకట్లేదా గమనించండి. అవి బాగానే ఉన్నాయంటే డిస్లెక్సియా (తెలివి ఉన్నా చదవడం కష్టమయ్యే స్థితి) లాంటి అభ్యసన ఇబ్బంది ఏమైనా ఉందేమో నిపుణులతో పరీక్ష చేయించాలి. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం దీన్ని గుర్తించింది. మండలాల్లో సమగ్ర శిక్ష అనే ప్రభుత్వ విద్యా పథకం కింద, ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం నడిచే భవిత కేంద్రంలో ప్రత్యేక టీచర్లు ఉంటారు, అక్కడ అడగండి. జిల్లా ఆసుపత్రుల్లోని డీఈఐసీలో (పిల్లల ఎదుగుదలలో ఇబ్బందుల్ని తొందరగా గుర్తించే కేంద్రంలో) కూడా పిల్లలను చూస్తారు. ఇది బద్ధకమూ కాదు, మీ పెంపకంలో లోపమూ కాదు. వేరే దారిలో నేర్పాలి, ఆ దారి తెలిసినవాళ్లు ఉన్నారు.

నెల తిరిగాక

తేదీ వేసి దాచిన కాగితం బయటికి తీయండి. అదే తరహాలో కొత్త పదాలు, కొత్త పేరా రాసి మళ్లీ చదివించండి. పాత కాగితం, కొత్త కాగితం పక్కపక్కన పెట్టి, అప్పుడు ఎక్కడ ఆగిందో, ఇప్పుడు ఎక్కడి దాకా వచ్చిందో పిల్లకే చూపించండి. ఒక్క మెట్టు ఎక్కినా చాలు, మర్నాటి నుంచి తర్వాతి మెట్టు కార్డులు తీయండి. అదే మెట్టు మీద ఉంటే ఇంకో రెండు వారాలు అక్కడే ఉండి, పదాలు మార్చండి.

మొదట చెప్పిన పాపకు "గడప" కార్డులతో కట్టడం రావడానికి తొమ్మిది రోజులు పట్టింది. పదో రోజు బడికి వస్తూనే, తలుపు దగ్గర ఆగి, గడప మీద సుద్దముక్కతో ఆ మూడు అక్షరాలు రాసి లోపలికి వచ్చింది.